పెన్న పారతాది, పెన్న పారతాంది

పోయిన సెమిస్టర్‌లో మా కాలేజీలో మాక్ ఇంటర్వ్యూలు పెట్టినారు. బయటి నుంచి ఒక ట్రైనర్ వచ్చినాడు. ప్రొద్దుటూరు ఎండకు సెమినార్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలే. ఒక్కొక్కరినీ పైకి పిలిచి అందరి ముందే ప్రశ్నలు అడుగుతున్నాడు. నా పక్కన కూర్చునే పులివెందుల ఫ్రెండ్ వంతు వచ్చింది. కోడింగ్‌లో మా సెక్షన్‌లో వాడిని మించినోడు లేడు.

"వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగినాడు ట్రైనర్.

"మై ఫాదర్ ఈజ్ డూయింగ్ అగ్రికల్చర్ సర్" అన్నాడు మావాడు, తడుముకోకుండా.

"ఈజ్ డూయింగ్? రైట్ నౌ? ఈ నిమిషంలోనే చేస్తున్నారా?" అన్నాడు ట్రైనర్ నవ్వుతూ. హాలంతా నవ్వింది. దాచడం దేనికి, నేనూ నవ్వినా.

తర్వాత అడిగినవాటికి వాడు "యెస్ సర్", "నో సర్" తప్ప ఇంకో మాట చెప్పలేదు. మరుసటి వారం మాక్‌కు రాలేదు. ఏమిరా అంటే "తలనొప్పిరా" అన్నాడు. ఆ మరుసటి వారమూ తలనొప్పే. అది ఏ నొప్పో నాకు తెలుసు. టెన్త్ దాకా జమ్మలమడుగులో తెలుగు మీడియంలో చదివినోణ్ణి నేను. ఆ నొప్పి నాకూ ఉంది, కాకపోతే నేను దాన్ని నవ్వుల్లో కలిపి దాచుకుంటాను, అంతే.

ఆ రాత్రి నన్ను నేనే ఒక ప్రశ్న వేసుకున్నా. వాడి వాక్యం తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పు? పక్క రూముల్లో ముగ్గురిని అడిగినా. "అక్కడ డజ్ రావాలి బ్రో" అన్నారు. ఎందుకు రావాలంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. అంటే కారణం తెలియని తప్పుకు మేమంతా కలిసి నవ్వినాం.

తెలుగు క్లబ్ పత్రికలో ఇంగ్లీషు టెన్సుల గోల ఎందుకని మీరు అడగొచ్చు. నా అభిప్రాయం ఇదే: ఇంగ్లీషు ప్రెజెంట్ టెన్సులు మనకు రాకపోవడానికి కారణం ఇంగ్లీషు తక్కువ తెలియడం ఒక్కటే కాదు. మన తెలుగులో మనం ఏం మాట్లాడుతున్నామో మనకు తెలియకపోవడం కూడా. ఆ రెండోది నేర్పాల్సిన చోటు ఈ క్లబ్బే.

మనకు నేర్పిన పద్ధతి గుర్తు చేసుకోండి. బోర్డు మీద పన్నెండు గళ్ల పట్టిక. రోజూ అనే అర్థం వస్తే సింపుల్ ప్రెజెంట్. నౌ అని ఉంటే కంటిన్యూయస్. జస్ట్, ఆల్రెడీ కనబడితే పర్ఫెక్ట్. సిన్స్, ఫర్ ఉంటే పర్ఫెక్ట్ కంటిన్యూయస్. పరీక్షలో ఖాళీలు నింపడానికి ఇది చాలు, ఎందుకంటే ఆ గుర్తు మాట ప్రశ్నలోనే ఉంటుంది. మనం నోరు విప్పి మాట్లాడేటప్పుడు ఆ గుర్తు మాటలు ఎవరూ మన ముందు పెట్టరు. మన తలలో ఉండేది ఒక తెలుగు వాక్యం, అంతే. దాన్ని ఏ గడిలో వేయాలో పట్టిక చెప్పదు.

అందుకే నేను పట్టిక వదిలేసి పెన్నను పట్టుకున్నా. మన ఏరే కదా. నంది కొండల్లో పుట్టి, గండికోట లోయ దాటి, మైలవరం డ్యామ్ దగ్గర ఆగి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కనుంచి నెల్లూరు వైపు పోతాది. ఏడాదిలో ఎక్కువ రోజులు మనకు కనపడేది ఇసుకే.

ఇప్పుడు ఈ మాట చూడండి: "జమ్మలమడుగు పక్కన పెన్న పారతాది." మే నెలలో, చుక్క నీళ్లు లేని రోజు కూడా ఈ మాట అబద్ధం కాదు. ఈ రోజు నీళ్లున్నాయా లేదా అన్నది ఆ మాటకు సంబంధం లేదు. ఆ ఏటి దారి అది, దాని స్వభావం అది. ఇంగ్లీషులో "ది పెన్నా ఫ్లోస్ పాస్ట్ జమ్మలమడుగు." సింపుల్ ప్రెజెంట్ అంటే ఇదే. పేరులో ప్రెజెంట్ ఉంది గానీ దాని చూపు ఈ క్షణం మీద ఉండదు.

దీనికి మన వ్యాకరణంలో మంచి పేరే ఉంది: తద్ధర్మం. బళ్లో తెలుగు సార్ చెప్పే ఉంటారు. భూత, భవిష్యత్, వర్తమానాలు కాక, ఒక వస్తువు ధర్మాన్ని చెప్పే క్రియ తద్ధర్మ క్రియ. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షి ఎగురుతుంది, ఇలాంటివి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీన్ని వర్తమానంతో కలపకుండా వేరే పెట్టినాడు. మనం రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ కొట్టి వదిలేసినాం. సింపుల్ ప్రెజెంట్‌ను మొదటి రోజే "ఇది తద్ధర్మంరా" అని ఎవరన్నా చెప్పి ఉంటే, నాకు మూడేళ్లు కలిసొచ్చేవి.

ఫ్రెండ్ వాక్యం దగ్గరికి రండి. "మీ నాయన ఏం చేస్తాడు?" అన్నది ధర్మం గురించిన ప్రశ్న. అందుకే "వాట్ డజ్ హి డూ". జవాబు కూడా ధర్మమే కావాలి: "హి ఈజ్ ఎ ఫార్మర్", లేదా "హి గ్రోస్ స్వీట్ ఆరెంజెస్". మనమేమో తెలుగులో "మా నాయన వ్యవసాయం చేస్తున్నాడు" అంటాం. తెలుగులో అది తప్పు కాదు. ఉద్యోగాన్ని, వృత్తిని "చేస్తున్నాడు" అని చెప్పడం మన అలవాటు. ఆ "తున్నాడు"ను అట్లే ఎత్తి "ఈజ్ డూయింగ్" అన్నాడు మావాడు. తెలియక అన్నది కాదు, తన భాషను నమ్మి అన్నది.

ఇదే దగ్గర ఇంకో గుంట ఉంది. "రోజూ ఆరింటికి లేస్తాను", "రేపు ఆరింటికి లేస్తాను". రెండు వాక్యాల్లోనూ "లేస్తాను" ఒకటే. వాడుక తెలుగులో తద్ధర్మం, భవిష్యత్తు ఒకే రూపంలో కలిసిపోయినాయి. ఇంగ్లీషులో అవి వేరు. అందుకే మనలో సగం మంది "డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్" అంటారు. వినేవాడికి ఇది రేపటి నుంచి మొదలుపెట్టబోయే ప్రతిజ్ఞలాగా వినబడుతుంది! అలవాటైతే "ఐ గెటప్", రేపటి మాటైతే "ఐ విల్ గెటప్". వాక్యంలో "రోజూ" పెట్టి చూడండి. అది అతికితే విల్ తీసేయండి.

ఇక రెండోది. మైలవరం గేట్లు ఎత్తినారు, వంతెన మీద నిలబడి చూస్తున్నాం. "పెన్న పారతాంది" అంటాం. "ది పెన్నా ఈజ్ ఫ్లోయింగ్." ఒక్క సున్న తేడా: పారతాది ధర్మం, పారతాంది ఇప్పటి సంగతి. ఇది మొదలైంది, కొన్నాళ్లకు ఆగుతుంది. కంటిన్యూయస్‌లో ఉండే అసలు మాట ఈ "కొన్నాళ్లు". కచ్చితంగా ఈ నిమిషమే కానక్కర్లేదు. మా ఫ్రెండ్ వాళ్లకు చీనీ తోట ఉంది, ఈ ఏడు మాత్రం ఒక చెక్కలో అరటి పెట్టినారు. "హి గ్రోస్ స్వీట్ ఆరెంజెస్, బట్ దిస్ ఇయర్ హి ఈజ్ గ్రోయింగ్ బనానాస్ టూ." ఒకే నాయన, ఒకే పొలం, రెండు టెన్సులు. చీనీ ఆయన దారి, అరటి ఈ ఏటి ముచ్చట. అంటే ట్రైనర్ వేసిన "ఈ నిమిషంలోనా" అన్న జోకు కూడా వ్యాకరణంగా సగం తప్పే.

ఇంజనీరింగ్ చదివేవాళ్లకు ఇది ఇంటర్వ్యూలో ఒక్కచోటే పనికొచ్చేది కాదు. ప్రాజెక్ట్ సెమినార్లలో మనం ఎట్లా చెప్తామో వినండి: "మై సిస్టమ్ ఈజ్ టేకింగ్ ది ఇన్‌పుట్, అండ్ ఇట్ ఈజ్ గివింగ్ ది ఔట్‌పుట్." యంత్రం పనిచేసే తీరు దాని ధర్మం. "ఇట్ టేక్స్, ఇట్ గివ్స్." డెమో నడుస్తుండగా స్క్రీన్ వైపు వేలు చూపించి "నౌ ఇట్ ఈజ్ రీడింగ్ ది ఫైల్" అనొచ్చు, అది కళ్ల ముందు జరుగుతాంది కాబట్టి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే వైవాలో సగం వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఇప్పుడు అందరూ ఎగతాళి చేసే వాక్యం: "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్." ఇది తెలుగు వల్ల వచ్చిన తప్పని అంటారు. నేను ఒప్పుకోను. తెలుగులో "నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు" అంటాం. "ఉంటున్నారు" అంటామా? అనము. "నాకు తెలుసు", "నాకు కావాలి", "నాకు ఇష్టం", వీటికి "తున్నాను" తగిలించి చూడండి, నోరు తిరగదు. జరిగే పనికి, ఉండే స్థితికి తేడా తెలుగుకు బాగా తెలుసు. ఇంగ్లీషుకూ తెలుసు: హ్యావ్, నో, వాంట్, లైక్, బిలాంగ్. తెలుగును నమ్ముకున్నోడు "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" అనే అంటాడు. హ్యావింగ్ వచ్చింది మన భయం నుంచి. ఇంగ్ తగిలిస్తే ఇంగ్లీషులాగా ఉంటుందన్న భ్రమ నుంచి. అన్ని చోట్లా తెలుగు కాపాడుతుందని నేను చెప్పను. "నేను నమ్ముతున్నాను", "అనుకుంటున్నాను" అంటాం గానీ, అభిప్రాయం చెప్పేటప్పుడు ఇంగ్లీషులో "ఐ బిలీవ్", "ఐ థింక్" అనే అనాలి. ఇట్లాంటివి కొన్నే. అవి విడిగా గుర్తు పెట్టుకోవచ్చు.

మూడోది పర్ఫెక్ట్. మనల్ని ఎక్కువ ఏడిపించేది ఇదే. ఇది తెలుగులో లేదని, అందుకే కష్టమని చాలామంది చెప్తారు. మన సీమ తెలుగు వినని వాళ్లు చెప్పే మాట అది.

వానాకాలంలో ఒకసారి మా జేజి ఫోన్ చేసింది. "పెన్నకు నీళ్లొచ్చుండాయిరా, ఆదివారం వస్తే చూద్దువు" అన్నది. "వచ్చినాయి" అనలేదు, "వచ్చుండాయి" అన్నది. వచ్చినాయి అంటే ఎప్పుడో వచ్చినాయి, ఇప్పుడున్నాయో పోయినాయో తెలియదు. వచ్చుండాయి అంటే వచ్చి, ఇప్పుడు ఉండాయి. "ది వాటర్ హ్యాజ్ కమ్." ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో ప్రెజెంట్ అనే మాట ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. పని అయిపోయింది, దాని ఫలితం ఇప్పుడు మన ముందు ఉంది.

"మామ వచ్చినాడు", "మామ వచ్చుండాడు". మొదటిది వింటే మామ వచ్చి వెళ్లిపోయి కూడా ఉండొచ్చు. రెండోది వింటే మామ ఇంట్లో కూర్చుని ఉన్నాడని అర్థం, కాఫీకి పాలు చూసుకోవాలి. "గండికోట చూసుండావా?" అంటే "హ్యావ్ యు సీన్ గండికోట?" ఎప్పుడు చూసినావని కాదు, ఆ అనుభవం నీ దగ్గర ఉందా అని. అదే "పోయిన ఆదివారం చూసినా" అని రోజు చెప్పినామంటే ఇంగ్లీషులోనూ పర్ఫెక్ట్ పోతుంది: "ఐ సా ఇట్ లాస్ట్ సండే." యెస్టర్డే, లాస్ట్ వీక్ లాంటి ముగిసిపోయిన కాలం పేరు పక్కన హ్యావ్ నిలబడదు. ఒక్క జాగ్రత్త: "వచ్చుండాడు" వేరు, "వచ్చుంటాడు" వేరు. రెండోది ఊహ, బహుశా వచ్చి ఉంటాడని.

బాధ ఏమంటే, బళ్లో మన నోట్లోంచి మొదట తీసేసింది ఈ "వచ్చుండాడు"నే. మోటు మాట, "వచ్చాడు" అని రాయమన్నారు. రెండు అర్థాలు ఒకే మాటలో కుక్కేసినాం. ఆ తర్వాత కొన్నేళ్లకు ఇంగ్లీషు క్లాసులో "హ్యాజ్ కమ్" అర్థం కాక తల పట్టుకున్నాం. జేజి నోట్లో ఉన్న దాన్ని చెరిపేసుకుని, కోచింగ్ సెంటర్‌లో ఫీజు కట్టి వెతుక్కుంటున్నాం.

నాలుగోది చిన్నది. "మూడు రోజుల్నుంచి పెన్న పారతాంది." ఇక్కడ తెలుగు క్రియ మారలేదు. వంతెన మీద నిలబడి అన్న "పారతాంది" ఇక్కడా అదే. ఇంగ్లీషు మాత్రం మారుస్తుంది: "ది పెన్నా హ్యాజ్ బీన్ ఫ్లోయింగ్ ఫర్ త్రీ డేస్." ఎప్పటినుంచి అన్న లెక్క చేరగానే ఇంగ్లీషుకు హ్యాజ్ బీన్ కావాలి. "ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అనే తప్పు పుట్టేది ఇక్కడే. "నుంచి" అన్న ఒక్క మాటే మనకు రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషులో మొదలైన చోటు చెప్తే సిన్స్, గడిచిన లెక్క చెప్తే ఫర్. "ఐ హ్యావ్ బీన్ స్టడీయింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్." నో, హ్యావ్ లాంటి స్థితి మాటలకు ఇంగ్ ఇక్కడా వద్దు: "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ త్రీ ఇయర్స్."

ఇంతా విని కొందరు ఫ్రెండ్స్ అడిగినారు: "అర్థమైతే చాలు కదా, ఇది ఇండియన్ ఇంగ్లీష్, ఏమి నష్టం?" ఇందులో న్యాయం ఉంది. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అంటే ఎంతమంది తమ్ముళ్లో ఎవరికైనా అర్థమవుతుంది. దాని మీద మనిషి తెలివిని కొలవడం అన్యాయం. కానీ కొన్నిచోట్ల టెన్స్ మారితే అర్థమే మారుతుంది. "ఐ వర్క్‌డ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్ ఫర్ టూ ఇయర్స్" అంటే ఆ పని అయిపోయిందని. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్ ఫర్ టూ ఇయర్స్" అంటే ఇప్పటికీ చేస్తున్నానని. ఉద్యోగం ఇచ్చేవాడికి ఆ తేడా కావాలి. మనం చెప్పాలనుకున్నది చెప్పగలగాలి కదా. అర్థం మారని చోట నవ్వకుండా ఉందాం, అర్థం మారే చోట తప్పక నేర్చుకుందాం. నా వాదన అంతే.

ఇది మన జిల్లాకు కొత్త పని కూడా కాదు. 1820లో సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర ఉద్యోగం మీద కడపకు వచ్చినాడు. ఆయన ఇబ్బంది మనదానికి తలకిందులు: ఇంగ్లీషు వచ్చు, తెలుగు క్రియలు అంతుబట్టవు. ఆయన పండితులను పెట్టుకుని, అడిగి, రాసుకుని నేర్చుకున్నాడు. 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించినాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతోనే లైబ్రరీ, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఆయన తన భాషను పక్కన పెట్టుకుని మన భాష నేర్చుకున్నాడు. మనం మాత్రం ఇంగ్లీషు నేర్చుకోవాలంటే ముందు తెలుగు మర్చిపోవాలని అనుకుంటాం.

కాబట్టి క్లబ్బుకు నా సూచన. నెలకు ఒక శనివారం సాయంత్రం ఒక గంట పెట్టుకుందాం. ముందు మన ఇంటి తెలుగులో, మన యాసలోనే ఒక వాక్యం చెప్పాలి. అది ధర్మమా, కొన్నాళ్ల సంగతా, అయిపోయి ఫలితం మిగిలి ఉన్న పనా, ఎప్పటినుంచో సాగుతున్నదా, ఇది తెలుగులోనే తేల్చుకోవాలి. ఆ తర్వాతే ఇంగ్లీషు. నియమం ఒక్కటే: మాట్లాడేవాడి వాక్యం ముగిసేదాకా ఎవరూ నవ్వకూడదు, దిద్దకూడదు. దిద్దాలంటే కారణం చెప్పి దిద్దాలి. కారణం తెలియనోడికి దిద్దే హక్కు లేదు.

పోయిన వారం ఇదంతా మా పులివెందుల ఫ్రెండ్‌కు చెప్పినా. ఆ రోజు నవ్వినందుకు సారీ కూడా చెప్పినా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు ఆయప్ప అడిగిన టయానికి మా నాయన నిజంగానే తోటలో నీళ్లు కడ్తాండాడురా. ఫోన్ చేసి కనుక్కున్నా" అన్నాడు. ఇద్దరం నవ్వినాం. ఈసారి ఇద్దరమూ నవ్వినాం కాబట్టి ఎవరికీ నొప్పి లేదు.

వచ్చే నెల మళ్లీ మాక్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. వస్తావా అంటే "చూస్తా" అన్నాడు. వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టుకుంటా. మీరూ ఆ హాల్లో ఉంటారు. వాడు మాట్లాడేటప్పుడు వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి.